మనమా, మేమా? సరిహద్దు ఊళ్ళలో ఆట అభిమానం

2022 సెప్టెంబర్ 4, పుణె. అల్టిమేట్ ఖోఖో లీగ్ మొదటి సీజన్ ఫైనల్. ఒకవైపు ఒడిశా జగర్నాట్స్, ఇంకోవైపు తెలుగు యోధాస్. ఆఖరి నిమిషాల్లో సూరజ్ లాండే గాల్లోకి లేచి డైవ్ కొట్టి రన్నర్‌ని అందుకున్నాడు, 46-45తో కప్పు ఒడిశాకి పోయింది. ఒక్క పాయింటు తేడా. మిగతా దేశానికి అదొక మంచి మ్యాచ్, అంతే. ఒడిశా సరిహద్దు ఊళ్ళు బరంపురంలోనో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో తెలుగు మాట్లాడే ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి మాత్రం టాస్ వేయకముందే ఒక చిక్కు వచ్చిపడింది. ఒక టీమ్ పేరులో తమ రాష్ట్రం ఉంది, ఇంకో టీమ్ పేరులో తమ భాష ఉంది. ఈల ఎవరికి వేయాలి?

ఈ చిక్కు బయటివాళ్ళకి భలే సరదాగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి పెళ్ళికి వచ్చిన చుట్టం అడుగుతాడు, భువనేశ్వర్‌లో కాలేజీ హాస్టల్లో రూమ్మేట్ అడుగుతాడు: "ఇంతకీ మీరెవరి వైపు?" అడిగేవాడికి ఇందులో తప్పేమీ కనబడదు. కానీ ఆ ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉంది. మనిషికి ఊరు ఒకటే, భాష ఒకటే, టీమ్ కూడా ఒకటే ఉండాలని, రెండుంటే ఏదో ఒకటి నటన అని. సరిహద్దు జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళు ఆ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పకపోవడానికి కారణం తప్పించుకోవడం కాదు, జవాబు ఎదుట ఉన్న మనిషిని బట్టి నిజంగానే మారుతుంది.

తెలుగులో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది. హిందీవాళ్ళు 'హమ్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకి రెండు మాటలున్నాయి. ఎదుటివాడిని కూడా కలుపుకుంటే మనం, వాడిని గీతకి అవతల నిలబెడితే మేం. సరిహద్దు అభిమాని మనసు చదవాలంటే ఏ జెర్సీ కొన్నాడో చూడక్కర్లేదు, ఎవరితో మాట్లాడుతూ 'మనం' అన్నాడో, ఎవరితో 'మేం' అన్నాడో వింటే చాలు. ఆ ఖోఖో ఫైనల్ అయ్యాక పర్లాకిమిడి నుంచి నది దాటి పాతపట్నంలో ఉన్న బావకి ఫోన్ చేసినవాడు "మేం కొట్టేశాం బావా" అంటాడు. ఒడిశా వైపు నిలబడి బావని ఆటపట్టించడం అది. అదే మనిషి మర్నాడు ఆఫీసులో ఒడియా స్నేహితుడు యోధాస్ ఆటని తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోడు, ఒక్క పాయింటులో పోయిన టీమ్‌ని పట్టుకుని అలా అంటావేంటని వాదిస్తాడు. రెండు చోట్లా మనస్ఫూర్తిగానే మాట్లాడాడు. ఒకే ఇంట్లో పుట్టింటి తరఫునా అత్తింటి తరఫునా గట్టిగా నిలబడే ఆడపడుచుని ఎవరూ 'నువ్వు ఎవరి మనిషివి' అని అడగరు కదా, ఇదీ అలాంటిదే.

అసలు ఈ సరిహద్దు గీత ఎప్పుడు పడిందో గుర్తు చేసుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ రోజు పర్లాకిమిడి సంస్థానం రెండు ముక్కలైంది. పర్లాకిమిడి పట్టణం ఒడిశాకి వెళ్ళింది, పాతపట్నం, టెక్కలి వైపు భాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గీత కాగితం మీద పడింది గానీ చుట్టరికాలు తెగలేదు. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే రైలు ఇప్పటికీ రెండు రాష్ట్రాల మధ్య ఇంటి గడప దాటినంత తేలిగ్గా దాటుతుంది. బరంపురం నుంచి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. గోపాలపూర్ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, బరంపురం పట్టు నేసే తెలుగు నేతగాళ్ళూ ఉన్నారు. వీళ్ళ పిల్లలు బడిలో ఒడియా రాస్తారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గ్రౌండ్‌లో రెండూ కలిపి అరుస్తారు. మహారాష్ట్ర వైపు చూసినా కథ పెద్దగా మారదు. సిరొంచలోనో బల్లార్షాలోనో కబడ్డీ చూసే తెలుగు కుటుంబానికి పుణెరి పల్టన్, తెలుగు టైటాన్స్ తలపడిన రోజున ఇదే తంటా. కానీ ఒడిశా వైపు సరిహద్దులో ఈ విషయం బాగా చిక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఆటకి గీత కంటే పాత చరిత్ర ఉంది.

ఆ చరిత్ర బరువులది. వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, గుణుపురానికి మరీ దూరమేం కాదు. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టింది అక్కడే. ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్నాడని, కదులుతున్న కార్లని పట్టి ఆపాడని, సర్కస్ కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగాడని ఈ ప్రాంతంలో ప్రతి తాతా మనవడికి చెప్పే కథ. జనం ఆయన్ని కలియుగ భీముడన్నారు. ఆయన చివరి రోజులు గడిచింది ఇప్పుడు ఒడిశాలో ఉన్న బలాంగీర్‌లో, 1942లో పోయారు. ఆయన్ని ఆంధ్రవాడనాలా, ఒడిశావాడనాలా అని వీరఘట్టంలో గానీ గుణుపురంలో గానీ ఎవరూ కొట్టుకోరు, రెండు వైపులా 'మనవాడు' అనే అంటారు. ఆయన తర్వాత కూడా ఈ నేలలో ఇనుము ఎత్తే అలవాటు పోలేదు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట కుటుంబం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఇంటికొక లిఫ్టర్ ఉన్నాడని చెప్పుకుంటారు, ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం అందుకుంది.

అదే గ్లాస్గోలో ఇంకో రజతం ఉంది. కతులు రవికుమార్ది, 77 కిలోల విభాగం. బరంపురం కుర్రాడు. అంతకు నాలుగేళ్ళ ముందు 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం గెలిచింది కూడా అతనే, 2012లో లండన్ ఒలింపిక్స్‌కీ వెళ్ళాడు. ఇంటిపేరు చూస్తేనే తెలుగు, ఆడింది ఒడిశా తరఫున, గెలిచింది దేశానికి. సంతోషి, రవికుమార్ ఊళ్ళని రాష్ట్రాల పటంలో వెతికితే రెండు వేర్వేరు రంగుల్లో ఉంటాయి. రైలు పటంలో చూస్తే అంతా ఒకే లైను.

వెయిట్‌లిఫ్టింగ్ అభిమానం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడనివాళ్ళకి చెప్పాలి, ఎందుకంటే క్రికెట్ అభిమానానికి ఇది పూర్తిగా తిరగబడినట్టుంటుంది. ఇక్కడ అరిస్తే ఆట పాడు. లిఫ్టర్ చేతులకి సుద్దపొడి రాసుకుని బార్ మీద వంగగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబడతారు, వెనక బెంచీ మీద కూర్చున్న పెద్దాయన కూడా తెలియకుండానే మోకాళ్ళ మీద చేతులు ఆనించి ముందుకు వంగుతాడు, బార్ పైకి లేచి మోచేతులు తిన్నగా అయ్యే ఆ రెండు క్షణాలూ చప్పుడుండదు, బరువు దబ్బున చెక్క మీద పడ్డాకే అందరికీ ఒకేసారి గొంతు వస్తుంది. ఆ గొంతులో రెండు భాషలుంటాయి. ఒడియాలో "ఆమ పిలా" అంటారు, మన పిల్లాడు అని. తెలుగులో "మన కుర్రోడు". రెండూ ఒకే మాట. ఒక చిన్న పట్నం వ్యాయామశాలలో తుప్పు పట్టిన ప్లేట్లతో మొదలుపెట్టిన వాడిని పొద్దున్నే పాలకి వెళ్తూ కిటికీలోంచి చూసినవాళ్ళకి, పదేళ్ళ తర్వాత వాడు టీవీలో జెండా కప్పుకుని నిలబడితే ఏమవుతుందో ఏ స్టేడియం టికెట్టూ కొనిపెట్టలేదు.

సొంత ఊరి అభిమానంలో అసలు బలం ఈ 'చూడటం' అనే దాంట్లోనే ఉంది. అందరికంటే ముందు చూశాం అనే హక్కు. ఆ హక్కు ఉన్న చోట అభిమానం రాయిలా ఉంటుంది, లేని చోట గాలివాటంగా ఉంటుంది. పెద్ద లీగుల విషయంలో సరిహద్దు అభిమాని ఎందుకు అంత తేలిగ్గా ఇటూ అటూ తిరుగుతాడో దీన్నిబట్టి అర్థమవుతుంది.

క్రికెట్‌నే తీసుకోండి. బరంపురంలో ఉన్నవాడు పెద్ద మ్యాచ్ చూడాలంటే రెండు దారులు. ఉత్తరంగా దాదాపు 200 కిలోమీటర్లు వెళ్తే కటక్ బారాబతి స్టేడియం, దక్షిణంగా దాదాపు 280 కిలోమీటర్లు వస్తే విశాఖ. రాయగడ, కోరాపుట్ వైపు వాళ్ళకైతే విశాఖే దగ్గర, కటక్ దాదాపు రెట్టింపు దూరం. ఆసుపత్రికి ఎటు వెళ్తారో, పెళ్ళి బట్టలకి ఎటు వెళ్తారో మ్యాచ్‌కీ అటే వెళ్తారు. 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టిన రోజు నుంచి ఆ ఊరికీ అతనికీ ఒక లెక్క కుదిరింది. 2024 మార్చి 31న ఢిల్లీ క్యాపిటల్స్ విశాఖని తమ ఇల్లుగా చేసుకుని చెన్నైతో ఆడితే స్టాండ్లు పసుపు రంగుతో నిండిపోయాయి, ధోనీ 16 బంతుల్లో 37 కొడుతుంటే గెలుస్తున్న టీమ్ ఏదో కూడా జనం పట్టించుకోలేదు. గెలిచింది ఢిల్లీయే, 20 పరుగులతో. 'హోమ్ టీమ్' అని కాగితం మీద రాసుకుంటే అయిపోదు, ఆ నేల మీద ఏదో జరిగి ఉండాలి, దాన్ని జనం చూసి ఉండాలి.

దీనికి ఇంకో ఉదాహరణ చాలామంది మర్చిపోయారు. డెక్కన్ చార్జర్స్ హైదరాబాద్ టీమ్, 2009లో ఐపీఎల్ గెలిచింది. 2010లో తెలంగాణ ఉద్యమం కారణంగా వాళ్ళ హోమ్ మ్యాచ్‌లు హైదరాబాద్ నుంచి తరలిపోయాయి, కొన్ని కటక్‌లో జరిగాయి. 2012లో కూడా కటక్‌లో, విశాఖలో ఆడారు. అంటే తెలుగువాళ్ళ టీమ్‌కి ఒడిశా సొంతిల్లు అయింది. గంజాం తెలుగువాడి జీవితంలో భాష, రాష్ట్రం ఒకే జెర్సీలో కలిసిన అరుదైన రోజులవి, చిక్కు ప్రశ్న దానంతటదే తీరిపోయింది. కానీ ఆ సంవత్సరమే టీమ్ ఎత్తేశారు. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది, అభిమానులు అటు మళ్ళారు, కొందరు చెన్నైకి, కొందరు బెంగళూరుకి పోయారు. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. టీమే ఉండకుండా పోతే విశ్వాసం ఎవరి గుమ్మంలో పెట్టాలి? డబ్బున్నవాళ్ళు కొని అమ్ముకునే టీమ్ మీద పెట్టే ప్రేమకి అద్దె ఇంటి మీద ఉండేంత మమకారమే ఉంటుంది. గోడకి మేకు కొట్టడానికి కూడా ఆలోచిస్తాం.

అయినా మమకారం అసలు లేదనలేం. తెలుగు టైటాన్స్ కబడ్డీని చూడండి. ప్రో కబడ్డీ 8వ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచారు. 9వ సీజన్‌లో రెండు. 10వ సీజన్‌లో మళ్ళీ రెండే. మూడు సీజన్లు వరసగా అట్టడుగున పడి ఉన్న టీమ్‌ని రాత్రి అన్నం తింటూ పెట్టుకుని చూసినవాళ్ళున్నారు, పర్లాకిమిడిలో కూడా ఉన్నారు, గెలిచే పల్టన్‌నో పట్నా పైరేట్స్‌నో చూసుకోవచ్చు కదా అంటే ఒప్పుకోనివాళ్ళు. అలా కూర్చున్నవాళ్ళకి తర్వాత విశాఖలో సొంత జనం ముందు టైటాన్స్ మళ్ళీ కూతకి దిగినప్పుడు దక్కిన ఆనందం మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి దక్కదు.

ఓడే టీమ్ గురించి మనుషులు ఎలా మాట్లాడతారో అమెరికాలో రాబర్ట్ సియాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి పరిశీలించి 1976లో ఒక పరిశోధన ప్రచురించారు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ గెలిచిన వారాంతం తర్వాత సోమవారం క్లాసులకి యూనివర్సిటీ పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువయ్యారు. ఫోన్ చేసి అడిగితే గెలిచిన మ్యాచ్ గురించి 'మేం గెలిచాం' అనేవాళ్ళు ఎక్కువ, ఓడిన మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు 'వాళ్ళు ఓడిపోయారు' అని జారుకునేవాళ్ళు ఎక్కువ. వెలుగు ఉన్నచోట దగ్గరగా నిలబడటం మనిషి స్వభావం. మన దగ్గరా అంతే, కానీ తెలుగు ఇక్కడ ఇంకో అడుగు ముందుకేసింది. గెలిస్తే 'మ్యాచ్ కొట్టాం'. ఓడితే? 'మ్యాచ్ పోయింది.' ఎవరు పోగొట్టారో ఆ వాక్యంలో లేదు. మనమూ లేం, వాళ్ళూ లేరు. వర్షం పడినట్టు, కరెంటు పోయినట్టు మ్యాచ్ తనంతట తానే పోయింది. ఇండియా ఓడినా ఇదే మాట, సన్‌రైజర్స్ ఓడినా ఇదే మాట.

సొంత ఊరి టీమ్ విషయంలో మాత్రం ఈ వాక్యం వాడరు. అక్కడ 'ఓడిపోయాం' అంటారు. ఈ చిన్న తేడా వినడానికి ఏమంత లేకపోయినా అభిమానం ఎక్కడ లోతుగా ఉందో ఇదే పట్టిస్తుంది.

ఊరి టీమ్ అంటే ఏంటో చెప్పకపోతే ఈ మాటకి అర్థం ఉండదు. సంక్రాంతికి ముందు కోతలైపోయాక గంజాం, గజపతి జిల్లాల్లో, అవతల సోంపేట, మందస వైపు, ఏదో ఒక మడిని చెక్కి చదును చేస్తారు. రోలర్ ఉండదు, ఇనప డ్రమ్ములో నీళ్ళు నింపి నలుగురు కుర్రాళ్ళు దొర్లిస్తారు. నీళ్ళు చల్లి, ఆరనిచ్చి, మళ్ళీ చల్లి, మూడు రోజులకి పిచ్ తయారవుతుంది. టెన్నిస్ బాల్ క్రికెట్, మ్యాచ్‌కి పది ఓవర్లో అంతకంటే తక్కువో. కబడ్డీ, వాలీబాల్ అయితే రాత్రి పూట వెదురు గుంజలకి లైట్లు కట్టి ఆడతారు. ఎంట్రీ ఫీజు కట్టిన టీమ్‌ల పేర్లు చీటీల మీద రాసి డ్రా తీస్తారు, అందులో సగం గీతకి ఇటువైపు ఊళ్ళు, సగం అటువైపు ఊళ్ళు. బహుమతి కప్పు, నగదు, కొన్నిచోట్ల ఒక మేకపోతు. గెలిచిన ఊరికి ఆ రాత్రే విందు.

మైకు పట్టుకున్నవాడి మాటలు వింటే సరిహద్దు ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. స్కోరు ఒడియాలో చెప్తాడు, ఎందుకంటే టోర్నమెంటుకి పంచాయతీ పెద్దలు వచ్చి కూర్చున్నారు. బంతి గాల్లోకి లేవగానే ఛక్కా అని అరుస్తాడు, అది రెండు భాషలకీ సరిపోతుంది. క్యాచ్ వదిలేసినవాడిని మందలించేటప్పుడు మాత్రం తెలుగులోకి దిగుతాడు, "ఏటిరా నాయనా అది" అని, ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ. జనంలో ఎవరూ దీన్ని వింతగా చూడరు. అక్కడ భాషని బట్టి టీమ్‌లు విడిపోవు, ఊరిని బట్టి విడిపోతాయి. ఒక ఊరి టీమ్‌లో ఇద్దరు ఒడియా కుర్రాళ్ళు, ఒక సవర కుర్రాడు, మిగతావాళ్ళు తెలుగువాళ్ళు ఉంటే ఆ ఊరు మొత్తం ఆ పదకొండుమంది వెనక నిలబడుతుంది, పక్క ఊరి టీమ్‌లో తమ మేనమామ కొడుకే ఓపెనింగ్ దిగినా సరే. మేనమామ కొడుకుని వాడి ఇంటికి వెళ్ళినప్పుడు కౌగిలించుకుంటారు, గ్రౌండ్‌లో మాత్రం వాడి వికెట్ కావాలి.

ఇంత పట్టు ఎక్కడినుంచి వస్తుంది? చూడటం ఒక కారణం అన్నాం. రెండో కారణం చందా. కిరాణా కొట్టాయన కొంత, టైలరు కొంత, సైన్యంలో ఉన్న కుర్రాడు కొంత, టీచరు కొంత వేస్తే బంతులొస్తాయి, జెర్సీలొస్తాయి, అద్దెకి జనరేటర్ వస్తుంది. డబ్బు ఇచ్చినవాడికి మాట్లాడే హక్కు వస్తుంది. ఫలానా బౌలర్‌కి ఆఖరి ఓవర్ ఎందుకిచ్చావని కెప్టెన్‌ని నడిరోడ్డు మీద ఆపి అడగొచ్చు, కెప్టెన్ తల దించుకుని జవాబు చెప్పాలి. కోట్లు పెట్టి కొన్న టీమ్‌ని అలా అడగగలిగేవాడు ఎవరున్నారు? అడిగే వీలున్న చోటే ఓటమిలో మనకీ వాటా ఉంటుంది, అందుకే అక్కడ 'ఓడిపోయాం'.

ఈ మధ్య నగదు బహుమతులు పెరిగేసరికి బయట ప్లేయర్లని తేవడం మొదలైంది. ఫైనల్‌కి ముందురోజు రాత్రి ఏ పట్నం నుంచో ఇద్దరు బ్యాట్స్‌మెన్ బండి మీద దిగుతారు, డబ్బు తీసుకుంటారు, కొడతారు, వెళ్ళిపోతారు. కప్పు వస్తుంది. కానీ ఆ కప్పు ముందు ఊరి ముసలాళ్ళు ఎక్కువసేపు నిలబడరు. సిక్సర్ కొట్టింది ఎవరి మనవడో తెలియకపోతే ఆ సిక్సర్‌కి కథ లేదు. కొన్ని టోర్నమెంట్లు ఆధార్ కార్డు చూపించి ఆ పంచాయతీవాడే అని రుజువు చేస్తేనే ఆడనిస్తామని నియమం పెట్టాయి. చాలామంచి పని. బయట ప్లేయర్లతో ఆట నాణ్యత పెరుగుతుందనే వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది, అయినా ఆ రెండు రోజుల ఆట కోసం ఊరి కుర్రాడిని బెంచీ మీద కూర్చోబెడితే మర్నాటినుంచి ప్రాక్టీస్‌కి వచ్చేవాడు ఎవడు?

అభిమానం హద్దు దాటిన సందర్భాలు దాచిపెట్టకూడదు. 2015 అక్టోబర్ 5న బారాబతిలో దక్షిణాఫ్రికాతో టీ20లో ఇండియా 92కే ఆలౌట్ అయితే జనం నీళ్ళ సీసాలు మైదానంలోకి విసిరారు, ఆట రెండుసార్లు ఆగింది. ఊరి టోర్నమెంట్లలోనూ అంపైర్ వేలు ఎత్తాడని స్టంపులు పీకినవాళ్ళున్నారు, రెండు ఊళ్ళ మధ్య ఏడాదిపాటు మాటలు లేకుండా పోయిన సందర్భాలున్నాయి. అయితే ఊళ్ళో ఒక అడ్డుకట్ట ఉంటుంది. వేలాదిమందిలో సీసా విసిరినవాడి మొహం ఎవరికీ తెలియదు. మడిలో స్టంపు పీకినవాడి నాన్న ఎవరో అందరికీ తెలుసు, రాత్రికి కబురు వెళ్తుంది, మర్నాడు ఎవరో పెద్దమనిషి ఇద్దరినీ కూర్చోబెడతాడు. మొహాలు తెలిసిన చోట కోపానికి కూడా బాధ్యత ఉంటుంది.

ఇక నిజంగా బాధ కలిగించే విషయం ఒకటుంది. పదహారేళ్ళ కుర్రాడు బాగా ఆడుతున్నాడని తేలగానే వాడు గీతకి ఒక వైపు ఎంచుకోవాలి. రాష్ట్రం తరఫున ఆడాలంటే పుట్టిన చోటో చదువో నివాసమో చూపించి ఒక సంఘం కింద నమోదు కావాలి. గంజాం కుర్రాడు కటక్‌కో భువనేశ్వర్‌కో సెలక్షన్‌కి వెళ్ళాలి, ఇచ్ఛాపురం కుర్రాడు శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్ళాలి. ఒకే మడిలో కలిసి ఆడిన ఇద్దరు ఆ రోజు నుంచి ఎదురెదురు రాష్ట్రాలవాళ్ళు. ఒకడికి దొరికిన కోచ్ ఇంకొకడికి దొరకడు. పాతిక కిలోమీటర్ల దూరంలో మంచి వ్యాయామశాల ఉన్నా అది అవతలి రాష్ట్రంలో ఉందని వందల కిలోమీటర్లు ఇటువైపు పోవాల్సి వస్తుంది. రెండు రాజధానులకీ ఈ జిల్లాలు చివరనే ఉన్నాయి. సరిహద్దు జిల్లాల పిల్లలకి ఉమ్మడి పోటీలు, ఉమ్మడి శిక్షణ పెట్టడానికి రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకుంటే అదేమంత కష్టమైన పని కాదు. హాకీకి 2018 నుంచి జాతీయ జట్టు స్పాన్సర్‌గా నిలబడిన ఒడిశాకి, రెండుసార్లు వరసగా పురుషుల ప్రపంచకప్ నడిపిన ఒడిశాకి ఇది అసలు పెద్ద లెక్కే కాదు. విశాఖ ఉన్న ఆంధ్రకీ కాదు.

ఊరు మాత్రం ఎంచుకోదు. అటు వెళ్ళినవాడి స్కోరూ చూస్తుంది, ఇటు వెళ్ళినవాడి స్కోరూ చూస్తుంది. ఫోన్లు వచ్చాక ఇది ఇంకా తేలికైంది, ఊరికి దూరంగా ఉన్నవాళ్ళకి మరీను. గంజాం నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకి వలస వెళ్ళినవాళ్ళు ఎంతమందో అందరికీ తెలుసు. శ్రీకాకుళం వైపు నుంచి హైదరాబాద్‌కి, చెన్నైకి వెళ్ళినవాళ్ళూ అంతే. సంక్రాంతికి సెలవు దొరకనివాళ్ళ కోసం ఊళ్ళో ఒక కుర్రాడు ఫోన్‌ని వెదురు గుంజకి కట్టి మ్యాచ్ లైవ్ పెడతాడు. బొమ్మ సరిగ్గా రాదు, బంతి అసలు కనబడదు, మైకు గొంతూ గాలి హోరూ మాత్రం వినిపిస్తాయి. లూమ్‌ల మోతలో చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్ళకి అది చాలు. మైకులోంచి ఇంటిపేరు వినబడితే బ్యాటింగ్‌కి దిగింది ఎవరి తమ్ముడో తెలిసిపోతుంది.

గ్రౌండ్ పక్క చింతచెట్టుకి కట్టిన ఫ్లెక్సీ మీద చందాలు ఇచ్చినవాళ్ళ పేర్లు ఉంటాయి. కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో, పేరు పక్కన బ్రాకెట్లో సూరత్ అనో గల్ఫ్ అనో ఉంటుంది. మ్యాచ్ అయ్యాక జనం వెళ్ళేముందు అక్కడ కాసేపు ఆగి ఆ పేర్లు చదువుకుంటారు. ఫైనల్ పోయిన రాత్రి కూడా చదువుతారు. సూరత్ నుంచి ఊరి గ్రూపులోకి మెసేజ్ వస్తుంది: ఓడిపోయాం సరే, ఆఖరి ఓవర్ ఎవడేశాడు?